మగ చేప పాలు చూశావా?

ఇంటర్ పిల్లలకు పునరుత్పత్తి పాఠం చెప్పాల్సిన వారం వచ్చిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. పాఠం మంచిదే, మనవాళ్ళు దాన్ని చెప్పే తీరు మీదే నా కోపమంతా. ఏలూరులో నేను పనిచేసే జూనియర్ కాలేజీలో, జువాలజీ గది గోడకి ఒక బొమ్మ వేలాడుతూ ఉంటుంది. మధ్యలో పెద్ద గుండ్రటి అండం, దాని చుట్టూ తోకలు ఊపుకుంటూ వచ్చిపడుతున్న శుక్రకణాలు. నాకంటే ముందు ఈ పాఠం చెప్పిన లెక్చరర్ గారు దాన్ని పరుగుపందెంలా చెప్పేవారట. కోట్లమంది వీరులు బయల్దేరతారు, ఒక్కడు గెలుస్తాడు, మీరంతా ఆ గెలిచినవాళ్ళే అని. పిల్లలు చప్పట్లు కొట్టేవారట. మరి అండం ఏం చేస్తుందని ఎవరూ అడగలేదట. ఏం చేస్తుంది, పెళ్ళిచూపుల్లో తల వంచుకున్న పిల్లలా కూర్చుని ఉంటుందని అందరికీ ముందే తెలుసు కాబోలు.

అది అబద్ధం. శుక్రకణానికి కళ్ళు లేవు, చెవులు లేవు. బయల్దేరినవాటిలో చాలాభాగం దారి తప్పి, ఎక్కడో ఇరుక్కుని, అక్కడే పోతాయి. అండాన్ని అంటిపెట్టుకుని కొన్ని చిన్న కణాలుంటాయి. అవి ప్రొజెస్టెరాన్ అనే హార్మోనుని కొద్దికొద్దిగా వదులుతాయి. శుక్రకణం తోక మీద కంటికి కనపడనంత చిన్న తలుపులున్నాయి. ఆ హార్మోను తగిలితే అవి తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది, దాంతో తోక ఊపు మారుతుంది, కణం మలుపు తీసుకుంటుంది. హార్మోను ఎటు చిక్కగా ఉంటే అటు తిరుగుతుంది. ఆ పిలుపు అందుకునే స్థితిలో ఏ సమయానికైనా కొన్నే ఉంటాయి, మిగతావాటికి అది తగిలినా తగలనట్టే. పిలిచేది ఒకరు, వినాల్సింది ఇంకొకరు. వినాల్సినవాడికి చెవుడైతే, గొంతు పోయేది మాత్రం పిలిచినవాళ్ళకే.

ఆ గొంతు పోయినదాన్ని నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. అత్తవారిది ముదినేపల్లి వైపు ఒక ఊరు. వరి చేలల్లో సగం ఇప్పుడు చేపల చెరువులైపోయాయి. మావయ్యగారికి కొంత వరి, కొంత చెరువు, వాటికి తోడు చేపపిల్లల్ని పుట్టించే హేచరీ ఉన్నాయి. మా ఆయన ఆ హేచరీ పని చూసుకుంటారు. నా ఉద్యోగం కోసం మేమిద్దరం ఏలూరులో అద్దెకుంటున్నాం. ఆయన రోజూ బండి మీద కొల్లేరు దాటి వెళ్ళి వస్తారు. సెలవు రోజుల్లో నేనూ వెళ్తాను.

పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు కలగలేదు. మొదట అందరూ నవ్వుతూ అడిగారు, తర్వాత జాలిగా అడిగారు, ఆ తర్వాత నన్ను అడగడం మానేసి అత్తయ్యగారిని అడగడం మొదలెట్టారు. ఆవిడ నన్ను నల్లజర్ల అవతల ఎవరో పసరు పోస్తారంటే అక్కడికి, అత్తిలిలో ఎవరో పొడి ఇస్తారంటే అక్కడికి తిప్పారు. "దాని ఒంట్లో వేడండి" అని అందరికీ చెప్పేవారు. మా అమ్మ కూడా తక్కువ తినలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "పోనీ ఆవిడ చెప్పినట్టు ఓ ఉపవాసం ఉండకూడదా?" అనేది. వేడి కొలవడానికి థర్మామీటర్ ఉంది, నేను కొన్నాను, వేడి లేదు. అయినా నా ఒంటి సంగతి నాకంటే వీధిలో పెసలు ఎండబోసుకునే ఆవిడకే బాగా తెలుసు.

చివరికి ఏలూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మొదటిరోజు ఆవిడ అడగాల్సినదే అడిగారు.

"ఆయనకి పరీక్ష అయిందా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన చెవి వెనక గోక్కుంటూ, గొంతు తగ్గించి అన్నారు. "అయిందండి. విజయవాడలో చేయించానండి. బాగానే ఉందన్నారండి."

అంతకు ముందు వారమే చేపల మేత పని మీద ఆయన విజయవాడ వెళ్ళొచ్చారు. నాకు చెప్పకుండా వెళ్ళి చేయించుకున్నారా అని నాకు జాలేసింది కూడా. సిగ్గుపడి ఉంటారులే అనుకున్నాను. డాక్టరమ్మ తల ఊపి, పెన్ను నా వైపు తిప్పారు. కాగితం ఏదని అడగలేదు. ఆయనకి నోటిమాట చాలింది. నాకు మాత్రం ప్రతిదానికీ స్కానులు కావాల్సివచ్చాయి.

ఆ తర్వాత నాకు జరిగినవన్నీ ఏకరువు పెట్టను. ట్యూబుల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసినప్పుడు బల్ల అంచు పట్టుకుని అరిచానని మాత్రం చెబుతాను. "ఇంత దానికేనా అమ్మా?" అంది పక్కన నిలబడిన నర్సు. ప్రతి నెలా వేసుకోమని మాత్రలిచ్చారు. వాటిలో ఉన్నది ప్రొజెస్టెరానే. అండం చుట్టూ ఉన్న కణాలు దేంతో పిలుస్తాయో అదే. నేను ఉదయం క్లాసులో దాని గురించి చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి అదే మాత్ర మంచినీళ్ళతో మింగేదాన్ని. తల తిరిగేది, కడుపు ఉబ్బేది, అయినవాళ్ళు పలకరిస్తే ఏడుపొచ్చేది. డాక్టరమ్మ నా చార్టు చూసి అన్నీ బాగానే ఉన్నాయే అని ఆశ్చర్యపోయేవారు. చివరికి, బొడ్డు దగ్గర గాటు పెట్టి కెమెరా గొట్టం దించి చూద్దాం అన్నారు. మత్తిచ్చి చేస్తారు. బుధవారానికి ఖాయం చేశారు. అత్తయ్యగారు తోడుంటానన్నారు. మా ఆయన "భయపడకు" అన్నారు.

ఆ బుధవారానికి ముందు వచ్చిన ఆదివారం, నేను అత్తవారి ఊళ్ళోనే ఉన్నాను. తొలకరి వానలు పడ్డాయి, హేచరీకి పని ముమ్మరంగా ఉండే రోజులవి.

ఆ పని తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. శీలావతి, బొచ్చె లాంటి చేపలు నిలవ నీటి చెరువులో వాటంతటవి గుడ్లు పెట్టవు. అందుకని ఆడ చేపకీ మగ చేపకీ హార్మోను ఇంజెక్షన్ చేసి, నీళ్ళు గుండ్రంగా తిరిగే సిమెంటు తొట్టిలో కలిపి వదులుతారు. మగ చేప వదిలే తెల్లటి ద్రవాన్ని అక్కడ పాలు అంటారు. మగ చేప ఒంట్లో ఉన్నంతసేపూ ఆ పాలల్లోని కణాలు కదలవు. చెరువు నీళ్ళు తగిలాకే లేస్తాయి. లేచాక వాటి ఆయుష్షు నిమిషం అటూ ఇటూ. ఆలోపల గుడ్డుకున్న ఒకే ఒక్క సన్న రంధ్రం దొరకాలి. కొన్ని రకాల చేపల్లో ఆ రంధ్రం చుట్టూ ఏదో పూత ఉండి కణానికి దారి చూపిస్తుందని చదివాను. అక్కడా గుడ్డే పిలుస్తుంది.

అందుకే ఇంజెక్షన్ చేసే ముందు మగ చేపని వల్లోంచి తీసి, తడిగుడ్డలో పట్టుకుని, బొటనవేలితో పొట్ట మీద తోక వైపుకి నొక్కుతారు. చిక్కటి పాలు వస్తే ఉంచుతారు, పలచగా వస్తే చెరువులోకి వదిలేస్తారు. దానికెవరూ నొచ్చుకోరు. ఆ చేప పరువు పోయిందని ఎవరూ గదిలో తలుపేసుకోరు. "గుడ్లు చెడితే ముందు మగదాని పొట్ట నొక్కండ్రా" అనేది మావయ్యగారి మాట. ఎప్పటి నుంచో అక్కడ అదే పద్ధతి.

ఆ ఆదివారం ఉదయం తొట్టిలో గుడ్లన్నీ తెల్లబడిపోయాయి. బతికున్న గుడ్డు ఉడికిన సగ్గుబియ్యంలా, అద్దంలా ఉంటుంది. ఇవి పచ్చి సగ్గుబియ్యంలా సున్నం రంగులో తేలుతున్నాయి. నేను కాఫీ గ్లాసు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. మావయ్యగారు దోసిట్లోకి కొన్ని గుడ్లు తీసుకుని చూసి, కొడుకు వైపు తిరిగారు.

"మగ చేప పాలు చూశావా?"

మా ఆయన చెవి వెనక గోక్కున్నారు. గొంతు తగ్గించారు. "చూశానండి నాన్నగారూ. బాగానే ఉన్నాయండి."

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ గొంతు నాకు తెలుసు. ఆ చెయ్యీ తెలుసు. ఏలూరులో డాక్టరమ్మ గదిలో నా పక్క కుర్చీలో కూర్చుని ఉన్నది ఆ మనిషే.

మావయ్యగారు పంచె ఎగ్గట్టి, పనివాడిని పిలిచి, ఆ మగ చేపల్ని పట్టిన మడుగులో మిగిలినవాటిని తీయించారు. ఒకదాని పొట్ట నొక్కారు. నీళ్ళలాంటిది కాస్త కారింది. ఇంకొకటి నొక్కారు. అదీ అంతే.

"మీరెందుకు చూడలేదురా?" అని పనివాడిని అడిగారు.

"ఆయ్, చిన్నబాబుగారు చూసేశానన్నారండి. మళ్ళీ మేం నొక్కితే బాగోదని ఊరుకున్నామండి."

అప్పుడు మావయ్యగారు కొడుకుని తిట్టిన తిట్లు నేనిక్కడ రాయలేను. చూడకుండా చూశానని చెప్పడానికి నోరెలా వచ్చిందన్నారు. "ఆ ఆడ చేపలు ఏం పాపం చేశాయిరా? వాటికి సూదులు పొడిచి, ఒళ్ళు హూనం చేసి, గుడ్లన్నీ నేలపాలు చేశావు కదరా!" అన్నారు. నేను అక్కడే నిలబడి అంతా విన్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కోసం ఎవరూ అనని మాటలు చేపల కోసం అంటున్నారు.

ఇంటికొచ్చాక గదిలో ఆయన్ని అడిగాను.

"ఏవండీ, మీరు విజయవాడలో పరీక్ష చేయించుకున్నారా?"

"ఇప్పుడా గోలేంటి? అసలే చిరాకులో ఉన్నాను."

"చేయించుకున్నారా లేదా?"

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. ఆయన ఆ రోజు మేత లారీ ఆలస్యమైందన్నారు. ల్యాబు మూసేసి ఉందన్నారు. ఇంకో రోజు ఏలూరులో వెళ్దామనుకుంటే అక్కడ మన ఊరివాడే కౌంటర్లో ఉన్నాడన్నారు. చివరికి, "నాకేం లోపం ఉంటుంది? మనిషిని చూస్తే తెలియట్లేదా?" అన్నారు. మనిషి నిజంగానే దుక్కలా ఉంటారు. ఆ ఉదయం మావయ్యగారు పొట్ట నొక్కి చూసిన మగ చేపలూ అలాగే ఉన్నాయి.

నేను గదిలో ఏడవలేదు. భోజనాల దగ్గరికి వెళ్ళాను. మావయ్యగారు పీట మీద కూర్చున్నారు, అత్తయ్యగారు పులుసు వడ్డిస్తున్నారు, మా ఆయన నా వెనకే వచ్చి కూర్చున్నారు. నేను కూర్చోలేదు.

"మావయ్యగారూ, మీ అబ్బాయి పరీక్ష చేయించుకోలేదండి. చేయించుకున్నానని డాక్టరుగారికి అబద్ధం చెప్పారు. ఆ మాట నమ్మి బుధవారం నన్ను కోస్తున్నారు."

మావయ్యగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అత్తయ్యగారు గరిటె గిన్నెలో పెట్టేశారు.

"అదేంటమ్మా, భోజనాల దగ్గరా ఆ మాటలు?" అన్నారావిడ.

"ఎక్కడ మాట్లాడమంటారండీ? వీధిలో నా ఒంట్లో వేడి గురించి మాట్లాడుకోలేదా?"

"మగాడికి పరువనేది ఒకటి ఉంటుందమ్మా. పదిమందిలో డబ్బా పట్టుకుని నిలబడమంటావా వాణ్ణి?"

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అనలేదు. బల్ల మీద కాళ్ళు చాపి పడుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చిపోతుంటే పైకప్పు చూస్తూ ఉన్నది నేను. అది పరువు లెక్కలోకి రాలేదు. నేను మావయ్యగారినే చూస్తూ ఉన్నాను. ఆ ఉదయం చేపల కోసం అంత మాట్లాడిన మనిషి, నా కోసం కనీసం ఒక్క మాట అంటారని ఎదురుచూశాను.

ఆయన నీళ్ళు తాగి, కొడుకు వంక చూడకుండా, నా వంకా చూడకుండా అన్నారు. "చేపలు వేరమ్మా. మనుషులు వేరు."

"ఏం వేరండీ? పొద్దున ఆడ చేపలు ఏం పాపం చేశాయని మీరే అడిగారు. నేనేం పాపం చేశానండీ?"

మావయ్యగారు చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవారు కారు. నన్ను చదువుకున్న పిల్ల అని ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. ఉద్యోగం మానమని ఏనాడూ అనలేదు. అందుకే ఆ మాటకి నాకు ఇంకా ఎక్కువ మండింది. తెలియనివాళ్ళ మీద కోపం ఓ పూట ఉంటుంది. అన్నీ తెలిసి, తెలిసినదాన్ని చెప్పులతో పాటు షెడ్డు గుమ్మం దగ్గరే వదిలి ఇంట్లోకి తేనివాళ్ళ మీద కోపం పోదు. నాకింకా పోలేదు.

ఆ సాయంత్రం ఒక్కదాన్నే బస్సెక్కి ఏలూరు వచ్చేశాను. కొల్లేరు మీదుగా వచ్చినంతసేపూ రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళే. పక్క సీట్లో ఆవిడ పిల్లలెంతమంది అని అడిగింది. "లేరండి, మా ఆయన పరీక్ష చేయించుకోలేదు" అన్నాను. ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. ఆ మాట అంత తేలిగ్గా బయటికి వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

బుధవారం ఉదయం ఆసుపత్రికి నేను ముందే వెళ్ళాను. పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టకుండా రమ్మన్నారు. నేను ఇడ్లీ తిని వెళ్ళాను. మా ఆయన తర్వాత వచ్చారు. ముందు రోజు రాత్రి, ఆయన ఏలూరు చేరాక, మావయ్యగారే ఫోన్ చేసి వెళ్ళమన్నారట. ఆ ఫోన్లో ఏమన్నారో ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. కొడుకు వెళ్ళాల్సిందేనన్న ముక్క నాతో అనడానికి మావయ్యగారికి నోరు రాలేదు, అంతే.

డాక్టరమ్మ నన్ను చూడగానే "ఏమీ తినలేదుగా?" అన్నారు.

"తిన్నానండి. ఆపరేషన్ వద్దండి. ఈయనకి పరీక్ష అవలేదు."

ఆయన చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. నేను అటు తిరిగి చూశాను. చెయ్యి దిగింది.

"అవలేదండి" అన్నారు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నాకు క్షమాపణ చెబుతారేమోనని ఒక్క క్షణం వెర్రిగా ఆశపడ్డాను. ఆవిడ "అయ్యో, ముందే చెప్పాల్సిందమ్మా" అన్నారు, నాతోనే. ఆయనతో కాదు. తర్వాత నర్సుని పిలిచి ఆయనకి చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇమ్మన్నారు.

ఆ పరీక్షలో ఏం తేలిందని చాలామంది అడిగారు. మా అమ్మ అడిగింది, కాలేజీలో తోటివాళ్ళు అడిగారు, ఇది చదివాక మీరూ అడుగుతారు. చెప్పను. తప్పెవరిదో తెలుసుకోవాలన్న ఆ ఆత్రమే నన్ను ఊరూరా తిప్పి పసర్లు తాగించింది. దానికి ఇంకొకరిని మేతగా వేయను. నన్ను కోయలేదు, అది చాలు. గోడ మీది ఆ బొమ్మ మాత్రం తీసేయించాను. ఇప్పుడు అండం పిలుపుతోనే పాఠం మొదలుపెడతాను.

ఆ రోజు డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చాం. వరండా నిండా జనం. అందరూ ఆడవాళ్ళే, అక్కడక్కడా వాళ్ళ సంచులు పట్టుకుని మొగుళ్ళు. ఆ భవనంలో స్కాన్ గది ఎక్కడో, రక్తం ఎక్కడ తీస్తారో, ఎక్స్‌రేకి ఏ గుమ్మంలోంచి వెళ్ళాలో, బట్టలు మార్చుకునే గదికి గడియ పడదని కూడా నాకు తెలుసు. మా ఆయనకి ఏదీ తెలియదు. ఆ మొదటిరోజు తప్ప ఇన్నేళ్ళూ కింద బండి దగ్గరే ఉండేవారు. డబ్బాని అరచేతిలో దాచుకోబోయారు, దాగలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి నన్ను అడిగారు.

"ఎటు వెళ్ళాలి?"

నేను ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

"అడగండి" అన్నాను. "నేనూ అడిగే తెలుసుకున్నాను."